లిఫ్టు లేని నాలుగో అంతస్తు

“మీ ఆయన పైకి వచ్చే ఉద్దేశంలో ఉన్నారా, లేక నన్నే కాగితాలు పట్టుకుని కిందికి దిగమంటారా?” అన్నాడు బ్రోకరు, వాచీ చూసుకుంటూ.

ఆమె బాల్కనీలోంచి మళ్ళీ తొంగి చూసింది. నాలుగు అంతస్తుల కింద, రోడ్డుకు అవతలి వైపు, మందుల షాపు గుమ్మం పక్కన భర్త నిలబడి ఉన్నాడు. అరగంటగా అదే చోటు. ఎండ నడినెత్తిన పడుతున్నా ఒక్క అడుగు నీడలోకి జరగలేదు.

“ఏమండీ! అందరం మీ కోసమే చూస్తున్నాం. పైకి రండి!”

వినపడకపోవడమేం? షాపులోంచి బయటికి వస్తున్నవాళ్ళు కూడా ఆగి పైకి చూశారు. తలెత్తనిది అతనొక్కడే.

ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. వాళ్ళుంటున్న భవనాన్ని కూలగొట్టబోతున్నారు. నాలుగు నెలలుగా ఊరంతా జల్లెడ పడుతుంటే ముప్పై ఏడు ఇళ్ళు చేతిదాకా వచ్చి జారిపోయాయి. ఇది ముప్పై ఎనిమిదోది. మూడు పడగ్గదులు, అటూ ఇటూ తిరగడానికి వీలున్న వంటిల్లు, రెండు వైపుల నుంచీ గాలి. లిఫ్టు మాత్రం లేదు. ఎప్పుడో మూసేశారట. అందుకే ఇన్నాళ్ళు ఖాళీగా ఉందని బ్రోకరు మెట్లెక్కుతూ చెప్పాడు, మెట్టుకో మాట చొప్పున, ఆయాసపడుతూ.

పెద్దమ్మాయి అప్పుడే కిటికీ ఉన్న గది నాదంటూ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. చిన్నది మెట్ల మీద ఎక్కడో ఉంది. అత్తగారు మాత్రం హాలు మధ్యలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో, చేతిసంచి గుండెలకు హత్తుకుని కూర్చుంది. ముప్పై ఏడు ఇళ్ళకూ ముప్పై ఏడు వంకలు పెట్టిన మనిషి. వంటింట్లో కుళాయి ఎడమవైపు ఉందని కూడా ఒక ఇల్లు వద్దంది. ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి నోరు విప్పలేదు.

“అత్తయ్యా, మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయా?”

“మోకాళ్ళకేం! బాగానే ఉన్నాయి,” అంది అత్తగారు. మోకాళ్ళు బాగున్నాయని ఆవిడ నోటివెంట వినడం అదే మొదటిసారి.

ఆమె భర్తకు ఫోను చేసింది. మొదటి మోత పూర్తికాకముందే ఎత్తాడు. అతనెప్పుడూ అంతే. నాన్న ఫోను మోగకముందే ఎత్తేస్తాడని పిల్లలు ఆటపట్టిస్తుంటారు.

“ఏమిటండీ ఇది? బ్రోకరు ముందు నా పరువు తీస్తున్నారు.”

“ఈ ఇల్లు వద్దు.”

“చూడకుండానే?”

“చూడక్కర్లేదు. వద్దు.”

“ఎందుకు వద్దో చెప్పండి.”

పైనుంచి అతని తల, చెవి దగ్గరున్న చెయ్యి కనిపిస్తున్నాయి. గొంతు మాత్రం బావిలోంచి వస్తున్నట్టుంది.

“పిల్లల్ని తీసుకుని దిగిపో. అమ్మ చెయ్యి పట్టుకో. మూడో అంతస్తు చేరేముందు ఒక మెట్టు ఎత్తుగా ఉంటుంది,” అని పెట్టేశాడు.

ఆమె ఫోను చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గుమ్మంలోకి కూడా అడుగుపెట్టని భవనంలో ఏ మెట్టు ఎత్తుగా ఉంటుందో ఈ మనిషికెలా తెలుసు?

వెనక చప్పుడైతే తిరిగి చూసింది. ఇంటావిడ గుమ్మంలో నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి. ఎదురు వాటాలో ఒక్కతే ఉంటుంది. ఎప్పుడు వచ్చిందో, ఎంతవరకు విన్నదో తెలియదు.

“ఆయన రానన్నారా?” అంది నెమ్మదిగా.

“కొంచెం ఒంట్లో బాగోలేదటండీ...”

“రేపు సాయంత్రం దాకా ఇల్లు ఎవరికీ చూపించను. ఆయన సంతకం లేకుండా మాత్రం ఇవ్వను.”

బ్రోకరు ఆమె పక్కకు వచ్చి గుసగుసలాడాడు. “ఇంటివాళ్ళు మన కోసం ఆగడమా! నా సర్వీసులో ఇదే మొదలమ్మా. మీ ఆయన్ని ఎత్తుకొచ్చయినా సంతకం పెట్టించండి.”

దిగేటప్పుడు చూసింది. ప్రతి అంతస్తులోనూ లిఫ్టు తలుపు మీద గోడ రంగే పూసేశారు. దూరం నుంచి చూస్తే గోడే అనిపిస్తుంది. దగ్గరికొస్తే తలుపు అంచులు చర్మం కింద ఎముకల్లా తేలి కనిపిస్తాయి. మూడో అంతస్తులో చిన్నది ఆ తలుపు ముందు గొంతుక్కూర్చుని గోటితో రంగు గీకుతోంది.

“అమ్మా, ఇక్కడ చెవి పెట్టి విను. లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టు లేదూ?”

“గాలి. లే, పద.”

పిల్ల చెయ్యి పట్టుకుని లాగుతుండగా వెనక అత్తగారు గబుక్కున గోడ పట్టుకుంది. కాలు తడబడింది. మూడో అంతస్తుకు చేర్చే ఆఖరి మెట్టు నిజంగానే ఎత్తుగా ఉంది.

*

ఆ సాయంత్రం ఇంట్లో గొడవ జరిగింది. గొడవంటే ఒకవైపు నుంచే.

భవనంలో సగం వాటాలు అప్పటికే ఖాళీ అయిపోయాయి. పై అంతస్తులో తలుపులూ కిటికీలూ ఊడబీకి తీసుకుపోయారు. గాలి వీచినప్పుడల్లా పైన గదుల్లో ఎవరో సామాను జరుపుతున్నట్టు చప్పుడు. భర్త బల్ల ముందు కూర్చుని ఒక కుట్టుమిషను బాబిన్ విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు, మళ్ళీ విప్పుతున్నాడు. యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేయడం అతని పని. అంతకుముందు లిఫ్టుల మెకానిక్కుగా ఉండేవాడు. నడుము నొప్పి వల్ల ఆ పని మానేశానన్నాడు. అది తొమ్మిదేళ్ళ కిందటి మాట.

“ముప్పై ఏడు ఇళ్ళండీ! ఐదుగురంటే కుటుంబం కాదమ్మా, ఊరేగింపు అన్నాడొకాయన. ఇంకొకాయన అత్తయ్యని ఎగాదిగా చూసి, పెద్దావిడ ఇంకా ఎన్నాళ్ళుంటారూ అని అడిగాడు. ఇంట్లోనా లోకంలోనా అన్నాను. మొహం మీదే తలుపేశాడు. పిల్లలు చెప్పులు విప్పి నడవాలి, గట్టిగా నవ్వకూడదు, గోడకు మేకు కొట్టకూడదు. అన్నిటికీ సరేనన్నాను. కళ్ళజోళ్ళ షాపులో రోజంతా నిలబడి, ఆ కాళ్ళతోనే ఊరంతా తిరిగాను. ఇప్పుడు మీరు వద్దంటే వద్దా?”

“రెండు గదుల ఇల్లు చూద్దాం. నేను హాల్లో పడుకుంటాను.”

“హాల్లో అత్తయ్య మంచం. మరి మీరెక్కడ? గుమ్మం మీదా?”

బాబిన్ మళ్ళీ తిరిగింది.

“నాన్నా,” అంది పెద్దమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండానే, “స్కూల్లో కొత్త అడ్రసు రాసివ్వమన్నారు. ఏం రాయను? ఇటుకల కుప్ప, రెండో వరస అని రాయనా?”

అతను కూతురి వైపు చూశాడు. తిట్టాలనుకున్నాడో, నవ్వాలనుకున్నాడో, రెండూ చేతకాలేదు.

“మీరు మాట్లాడరు. అత్తయ్య మాట్లాడదు. ఈ ఇంట్లో గోడలకు చెప్పుకుందామంటే వాటికీ పదకొండు రోజులే ఉన్నాయి,” అంది ఆమె.

అప్పుడు చిన్నది తాపీగా అంది. “నాన్ననడిగితే ఆ లిఫ్టు బాగుచేస్తాడు కదా. దాని మీద నాన్న నంబరే ఉంది.”

“ఏ నంబరే?”

“మూడో అంతస్తులో. రంగు గీకితే కింద రేకు ఉంది. లిఫ్టు ఆగిపోతే ఈ నంబరుకు ఫోను చేయండి అని. అది నాన్న నంబరే. నాకు నోటికొచ్చుగా.”

బాబిన్ అతని చేతిలోంచి జారి బల్ల మీద పడి, దొర్లుకుంటూ అల్మరా కిందికి వెళ్ళిపోయింది. దారం సన్నగా వెనకాలే సాగింది. ఎవరూ వంగి తీయలేదు.

అతను లేచి చొక్కా తగిలించుకున్నాడు.

“ఎక్కడికి?”

“ఫ్యాక్టరీలో మిషను ఆగింది.”

ఆ రోజు ఆదివారం. ఫ్యాక్టరీకి తాళం వేసి ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నదానికి కూడా.

ఆమె అత్తగారి వైపు తిరిగింది. అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కళ్ళు మూసుకుని లేవు.

*

మర్నాడు పొద్దున్న పిల్లలు స్కూలుకు వెళ్ళాక, అత్తగారు వంటింట్లో నేల మీద కూర్చుని పింగాణీ ప్లేట్లను పాత కాగితాల్లో చుట్టడం మొదలుపెట్టింది. కోడలు షాపుకు వెళ్ళడానికి తయారై, చెప్పులు వేసుకోబోతూ ఆగింది.

“వాడి నడుముకు ఏమీ కాలేదమ్మాయ్,” అంది అత్తగారు, చేతిలోని ప్లేటుతో చెబుతున్నట్టు.

కోడలు చెప్పులు వదిలేసి వచ్చి ఎదురుగా కూర్చుంది.

“ఆ మందుల షాపు దగ్గర నేనూ ఒకసారి నిలబడ్డాను. వాడితోపాటు. పైకి వెళ్ళి ఆవిడ కాళ్ళ మీద పడతానన్నాడు. నేనే రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. వెళితే నిన్ను చంపేస్తార్రా అన్నాను. చంపేవాళ్ళెవరు? ఆ ఇంట్లో మిగిలింది ఆవిడొక్కతే.”

“ఎవరత్తయ్యా? ఏం జరిగింది?”

అత్తగారు ప్లేటును ఒకసారి చుట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టింది.

“ఇంటావిడ భర్త. గుండెజబ్బు మనిషి. మాత్రలు అయిపోతే కొనుక్కుందామని దిగుతున్నాడు, ఎదురుగా ఉన్న షాపుకే. లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయింది. లోపల రాసున్న నంబరు వాడిది. ఫోనులు చేస్తూనే ఉన్నారట. ఇంకెవరో వచ్చి తలుపు తీసేసరికి గంటన్నర పట్టింది. అప్పటికి అయిపోయింది.”

పైన ఖాళీ వాటాలో ఏదో జారిపడింది. ఇద్దరూ ఉలిక్కిపడి పైకి చూశారు.

“కంపెనీ వాళ్ళు విచారణ పెట్టారు. వాడు ఆ రోజు సెలవు పెట్టాడు. ఫోనులు ఇంకొకరికి మళ్ళించాల్సింది పై అధికారి. ఆయన మరిచిపోయాడు. వాడి తప్పేమీ లేదని కాగితం కూడా ఇచ్చారు. వాడు ఆ కాగితాన్ని నా చేతిలో పెట్టి, అమ్మా, ఫోను మాత్రం నా దగ్గరే ఉంది కదా అన్నాడు. మోగుతుంటే ఆపేశాడట. అంతే చెప్పాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు.”

“నాకెందుకు చెప్పొద్దన్నారు?”

“పచ్చి బాలింతవు కదమ్మా. ఆ రోజే కదా మన చిన్నది పుట్టింది.”

కోడలు చెయ్యి చాచి ఒక ప్లేటు అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.

ఆసుపత్రి గది గుర్తుకొచ్చింది. ఆకుపచ్చ కర్టెను. నడుము తెగిపోతున్నట్టు నొప్పి. మంచం పక్కన భర్త, అతని చొక్కా జేబులో ఫోను. మోగుతోంది, ఆగుతోంది, మళ్ళీ మోగుతోంది. తను పట్టుకున్న అతని చెయ్యి జేబు వైపు వెళుతోంది. ఆ చెయ్యి వదిలితే తను చచ్చిపోతుందనిపించింది. రెండో చేత్తో తనే ఫోను లాక్కుంది. మీట నొక్కి, ఎవరో ఏమిటో వినకుండా, “ఇప్పుడు కాదు, తర్వాత చేయండి!” అని అరిచింది. ఫోను పూర్తిగా కట్టేసి తలగడ కిందికి తోసేసింది. నర్సు నవ్వింది కూడా. గంట తిరక్కముందే చిన్నది పుట్టింది.

తన జీవితంలో అంత మంచి రోజు ఇంకొకటి లేదని ఆమె ఎన్నోసార్లు పిల్లలకు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అతను ఏదో పని ఉన్నట్టు పక్క గదిలోకి వెళ్ళిపోయేవాడు.

“ఆయన కాదత్తయ్యా,” అంది చివరికి.

“ఏం కాదు?”

కోడలు లేచి చెప్పులు వేసుకుంది. ఒక కాలికి వేసుకోవలసినది రెండో కాలికి వేసుకుని, మళ్ళీ మార్చుకుంది. అత్తగారు వెనకనుంచి పిలుస్తూనే ఉంది.

*

ఫ్యాక్టరీలో రెండు వందల మిషన్లు ఒక్కసారే నడుస్తుంటే మనిషి మాట మనిషికి వినపడదు. అతను ఒక మిషను కింద దూరి బెల్టు సరిచేస్తున్నాడు. ఆమె చెప్పుల్ని చూసి గుర్తుపట్టి, బయటికి వచ్చాడు. చేతులు నూనెతో నల్లగా ఉన్నాయి.

“ఏమైంది? పిల్లలు...?”

“పిల్లలు బాగానే ఉన్నారు. బయటికి రండి.”

సరుకు దించే గుమ్మం దగ్గర బట్టల తానులు గోడలా పేర్చి ఉన్నాయి. వాటి వెనక చప్పుడు కాస్త తగ్గింది.

“ఫోను ఆపింది నేను,” అంది ఆమె.

అతను చేతిగుడ్డతో వేళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కో వేలూ, చాలాసేపు.

“అమ్మ చెప్పిందా?”

“అత్తయ్యకు తెలిస్తే కదా చెప్పడానికి! మీరు ఆపారనే ఆవిడ ఇప్పటికీ అనుకుంటోంది. మీరే అలా నమ్మించారు.”

“నొప్పుల్లో ఉన్నావు. నీకు గుర్తుండదనుకున్నాను.”

“తొమ్మిదేళ్ళు!”

“గుర్తు లేనిది గుర్తు చేయడమెందుకు? ఏటా పిల్ల పుట్టినరోజు వస్తుంది. నువ్వు దాని బుగ్గలు పుణుకుతూ ఆ రోజు సంగతులు చెబుతుంటావు. అప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నువ్వు చూడలేదు. నేను చూశాను. దాన్నెలా పాడుచేయను?”

“అందుకని మీరొక్కరే మోశారా? ఫోను మోగీ మోగకముందే ఎత్తుకుంటూ?”

అతను తల తిప్పుకున్నాడు.

“అది మోగుతుంటే రెండో మోత వినలేను,” అన్నాడు.

ఆమె అతని నూనె చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నాడు.

“నేను ఆవిడ దగ్గరికి వెళుతున్నాను,” అంది.

“వద్దు.”

“సంతకానికి కాదు. ఉన్నదున్నట్టు చెప్పాలి. చెప్పకుండా ఆ గదుల్లో పిల్లల్ని పడుకోబెట్టలేను. చెప్పకుండా ఇంకో ఇంటికీ వెళ్ళలేను.”

“ఏం చెబుతావు? నా కూతురు పుట్టే వేళకి మీ ఆయన పోయాడని చెబుతావా?”

“అదే నిజమైతే అదే చెబుతాను.”

“నీ పేరు ఎత్తొద్దు. నేనే ఆపానని చెప్పు. విను, ఒక్క మాట విను...” అంటూ నాలుగడుగులు వెంట వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఆమె రోడ్డు దాటేదాకా అక్కడే నిలబడి ఉన్నాడు. నిన్న మందుల షాపు పక్కన నిలబడ్డట్టే.

*

మెట్లెక్కుతూ మూడో అంతస్తులో ఆగింది. చిన్నది గీకిన చోట అరచేయంత రేకు బయటపడి ఉంది. నంబరు చదివింది. చదవకపోయినా తెలుసు. రేకు చల్లగా తగిలింది. తలుపు సందులోంచి గాలి లోపలికి పోతోంది, మళ్ళీ వస్తోంది. చిన్నది చెప్పింది నిజమే, ఊపిరిలానే ఉంది.

గంట కొట్టకముందే ఇంటావిడ తలుపు తీసింది.

“ఒక్కదానివే వచ్చావా?”

“మీకొక సంగతి చెప్పాలండీ. అది విన్నాక ఇల్లు ఇవ్వనంటారు. ఫరవాలేదు.”

“కూర్చో.”

“నిలబడే చెబుతాను. కూర్చుంటే చెప్పలేను.”

నిలబడే చెప్పింది. ఆసుపత్రి, కర్టెను, జేబులో ఫోను, తన చెయ్యి, తన అరుపు. భర్త ఇన్నాళ్ళు ఎందుకు దాచాడో కూడా చెప్పింది. ఏడుపు రాకూడదని బలవంతాన ఆపుకుంటే మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఇంటావిడ కిటికీ పక్కన నిలబడి కింద ఉన్న మందుల షాపు బోర్డునే చూస్తోంది.

అంతా అయ్యాక అంది. “నాకు తెలుసు.”

“ఏమిటి?”

“టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై రెండేళ్ళు పనిచేశానమ్మాయ్. మొహాలు మరిచిపోతాను, గొంతులు మరిచిపోను. ఇల్లు ఖాళీగా ఉందా అని నువ్వు మొదటిసారి ఫోను చేసినప్పుడు చేతిలో టీ కప్పు వదిలేశాను. తర్వాత కాగితాల కోసం మీ ఆయన నంబరు అడిగాను. అదే నంబరు.”

ఆమె ఇప్పుడు కూర్చుంది.

“ఆ రోజు ఇరవై రెండు సార్లు చేశాను,” అంది ఇంటావిడ. “మూడో అంతస్తులో తలుపు సందుకు నోరు పెట్టి ఆయనతో మాట్లాడుతూ, మధ్యలో ఫోను చేస్తూ. ఆయన జోకులేశాడు మొదట్లో. నీ చేతి టీ తప్పించుకున్నానే ఇవాళ్టికి అన్నాడు. తర్వాత ఊఁ అనడం ఒక్కటే. నేను కబుర్లు చెబుతూనే ఉన్నాను, అటునుంచి ఊఁ ఆగిపోయాక కూడా. ఇరవై రెండు సార్లలో ఒక్కసారి ఎవరో ఎత్తారు. ఇప్పుడు కాదు, తర్వాత చేయండి. ఆడగొంతు. అది కోపంతో అరిచిన గొంతు కాదు. ప్రాణం మీదికొచ్చిన మనిషి గొంతు.”

“అమ్మా, నేను...”

“ఉండు. నన్ను చెప్పనీ. ఇక్కడ నా మనిషి పోయాడు. అక్కడ ఆ ఆడమనిషి ఏమైంది? బతికిందా? ఆ ప్రశ్న ఎవర్ని అడగను? తొమ్మిదేళ్ళు ఆ గొంతు నాతోనే ఉంది. కుళాయి తిప్పితే అదే, కుర్చీ జరిపితే అదే. ఇప్పుడు కాదు, తర్వాత చేయండి.”

ఆమె తలెత్తలేకపోయింది.

“తెలిసి కూడా ఇల్లెందుకు ఇస్తానన్నారు?”

ఇంటావిడ కిటికీ రెక్క దగ్గరికి వేసింది.

“నిన్ను ఎదురుగా పెట్టుకుని రోజూ చూడాలనిపించింది. మంచికో చెడుకో నాకే తెలియదు. నిన్న నీ చిన్న కూతురు మెట్ల మీద పరిగెత్తుకుంటూ వచ్చి, మామ్మగారూ మీకు దాగుడుమూతలు వచ్చా అని అడిగింది. ఆ పిల్లేనా?”

“ఆ పిల్లేనండీ.”

ఆవిడ పెదవులు బిగుసుకున్నాయి. కోపమో దుఃఖమో, చూసేవాళ్ళకు తెలిసేలా లేదు. దగ్గరికొచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యి, కానీ పట్టు గట్టిగా ఉంది.

“నువ్వు చెప్పావు. బాగుంది. నాకు కావలసింది నువ్వు కాదమ్మాయ్. ఆయన రావాలి. సంతకానికి కాదు. ఆ మెట్లెక్కి, ఆ తలుపు ముందు నిలబడి, నా ఎదురుగా.”

“రారండీ. ఆయన వల్ల కాదు. నిన్న చూశారుగా, రోడ్డు కూడా దాటలేకపోయారు.”

“అయితే మీకు ఈ ఇల్లు లేదు.”

ఆమె తల ఊపింది. ఆ మాట న్యాయంగానే తోచింది. చెయ్యి విడిపించుకుని లేవబోయింది. ఆవిడ వదల్లేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు.

ఇద్దరూ విన్నారు. ఎవరో ఎక్కుతున్నారు. బరువుగా, ఆగి ఆగి, అడుగు అడుగుకీ ఇనుప సామాను ఒకదానికొకటి తగులుతున్న చప్పుడుతో. ఒకటో అంతస్తు. అక్కడ చాలాసేపు ఏమీ లేదు. వెనక్కి వెళ్ళిపోయారేమో అనిపించేంతసేపు. మళ్ళీ మొదలైంది. రెండో అంతస్తు. ఇనుము గోడకు రాసుకుంది.

ఇంటావిడ ఆమె మణికట్టు పట్టుకునే గుమ్మం దాటి మెట్ల దగ్గరికి వచ్చింది.

మూడో అంతస్తులో అడుగులు ఆగిపోయాయి. సామాను సంచి నేల మీద పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత మనిషి ఊపిరి ఒక్కటే వినిపించింది. పైనుంచి చూస్తే కమ్మీని పట్టుకున్న చెయ్యి తప్ప ఇంకేమీ కనపడలేదు. నూనె మరకల చెయ్యి.

“ఎవరది?” అంది ఇంటావిడ.

ఆమె భర్తను పిలవబోయి ఆగింది. తను పిలవకూడదనిపించింది.

“ఎవరని అడుగుతున్నాను!”

“లిఫ్టు మెకానిక్‌నండీ,” అంది కిందినుంచి గొంతు. ఆగి, మళ్ళీ అంది. “వచ్చాను.”

ఇంటావిడ ఆమె చెయ్యి వదిలేసింది. వదిలిన చేత్తో కమ్మీ పట్టుకుంది. సాయం పట్టబోతే వద్దన్నట్టు వెనక్కి తిరక్కుండానే అరచెయ్యి చూపి, ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టింది.